ఓర్చుకోవడమా, తీయించేయడమా? నలభై దాటాక నెలసరి గందరగోళానికి మధ్యలో ఉన్న దారులు

నలభై దాటిన ఆడమనిషికి నెలసరి గాడి తప్పి, ఒంట్లోంచి ఆవిర్లు రావడం మొదలైతే మా వైపు వినపడే సలహాలు రెండే. "అందరికీ అయ్యేదేనమ్మా, ఓర్చుకో" అన్నది మొదటిది. "పిల్లలు పుట్టీసినారు, ఇంకా ఆ సంచి దేనికి, తీయించీసుకోరాదేటి" అన్నది రెండోది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ రెండో మాట పన్ను పీకించుకోమన్నంత తేలిగ్గా అనేస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశమంతా కలిపి చూస్తే నూటికి ముగ్గురు, ఆ పైన కొంచెం. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఎనిమిది మందికి పైనే. మన ఆడవాళ్ళకి వేరే శరీరాలేమీ లేవు. మధ్యలో ఉన్న దారులు ఎవరూ చెప్పకపోవడమే ఇందుకు పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఆ మధ్యదారుల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దాం. ఏది మంచిదని కాకుండా ఏది మీకు సరిపోతుందని అడగాలి. దానికి ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. మీకు రోజు గడవనివ్వకుండా చేస్తున్న బాధ ఏది? నెత్తురు ఎక్కువ పోవడమా, ఆవిర్లా, నిద్ర పట్టకపోవడమా, మనసు బాగోకపోవడమా? రెండోది, మీ ఒంట్లో ఇప్పటికే ఏమున్నాయి? బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు, చుట్ట అలవాటు. ఈ రెండో ప్రశ్నను మన డాక్టర్లు కూడా హడావిడిలో దాటేస్తుంటారు. అడక్కపోయినా మీరే చెప్పండి.

ముందు, ఇది ముట్లాగే ముందు వచ్చే తడబాటేనా?

ముట్లు పూర్తిగా ఆగిపోయాయని చెప్పాలంటే వరసగా పన్నెండు నెలలు రాకుండా ఉండాలి. మన దేశంలో అది సగటున 46, 47 ఏళ్ళకి జరుగుతుంది. దానికి ముందు సాగే తడబాటు కాలాన్నే డాక్టర్లు పెరిమెనోపాజ్ అంటున్నారు. ఎక్కువమందికి నాలుగేళ్ళ పాటు ఉంటుంది, కొందరికి ఎనిమిదేళ్ళు పైనే. అండం కొన్ని నెలలు విడుదలవుతుంది, కొన్ని నెలలు అవదు. అవని నెలలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తయారు కాదు. దాంతో గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి, ఆలస్యంగా, గడ్డలు గడ్డలుగా పోతుంది. "చెడు నెత్తురు పోతంది, పోనీ" అనే మాటలో నిజం లేదు. పోయేది మంచి నెత్తురే.

45 దాటినవాళ్ళకి ఈ దశను నిర్ధారించడానికి హార్మోన్ పరీక్షలు అక్కర్లేదు. ఎఫ్ఎస్‌హెచ్ అనే పరీక్ష ఈ వయసులో ఒక నెల ఒకలా, మరో నెల ఇంకోలా వస్తుంది, దానికి డబ్బు తగలేయకండి. చేయించుకోవాల్సినవి హిమోగ్లోబిన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, షుగరు, బీపీ, కిడ్నీ ఎలా పని చేస్తోందో చెప్పే క్రియాటినిన్. నెత్తురు ఎక్కువ పోతుంటే కింది పొట్టకి స్కానింగ్. ఇందులో చాలావరకు దగ్గరలో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలోనే అవుతాయి. ఆవిర్లనుకున్నవి థైరాయిడ్ ఎక్కువవడం కావచ్చు. రాత్రి చెమటలతో పాటు రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కళ్ళె పరీక్ష చేయించాలి, అది క్షయ కావచ్చు. నలభై నిండకుండానే ముట్లు ఆగిపోతే అది ఈ వ్యాసంలో చెప్పే మామూలు సంగతి కాదు, తప్పకుండా స్త్రీవైద్య నిపుణుల దగ్గరికి వెళ్ళాలి.

నెత్తురు ఎక్కువ పోవడమే బాధ అయితే

మన దగ్గర ఆడవాళ్ళను ఆపరేషన్ బల్ల దాకా తీసుకెళ్ళేది ఎక్కువగా ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఆగుదాం.

అన్నిటికన్నా తేలికైనది ట్రానెక్సామిక్ యాసిడ్ బిళ్ళ. హార్మోన్ కాదు. నెత్తురు ఎక్కువ పోయే ఆ నాలుగైదు రోజులే వేసుకోవాలి, మామూలుగా పూటకి ఒక గ్రాము చొప్పున రోజుకి మూడు పూటలు. పోయే నెత్తురు ఇంచుమించు సగానికి తగ్గుతుంది. జనఔషధి దుకాణంలో చవగ్గా దొరుకుతుంది. కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో ఎప్పుడైనా నెత్తురు గడ్డ కట్టినవాళ్ళు వాడకూడదు, కిడ్నీ బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి. వచ్చే నెల మళ్ళీ మామూలే, జబ్బును మాన్పే మందు కాదిది. ఆరు నెలలో ఏడాదో గట్టెక్కితే చాలు అనుకునేవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే.

ఇక్కడ ఉద్దానం వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఇంటికొకరు కిడ్నీ జబ్బు మాట ఎత్తుతారు. ఇదే బిళ్ళ మందులషాపులో పేరు చివర "ఎంఎఫ్" అని తగిలించుకుని కూడా దొరుకుతుంది. అందులో మెఫెనమిక్ యాసిడ్ అనే నొప్పి మందు కలిసి ఉంటుంది. ఆ మందు కిడ్నీ బాగున్నవాళ్ళకి పనికొస్తుంది. నెత్తురు పోవడాన్ని పావువంతు దాకా తగ్గిస్తుంది, పొత్తికడుపు నొప్పీ లాగేస్తుంది. క్రియాటినిన్ ఎంతుందో తెలియని మనిషి నెలనెలా మింగడం మాత్రం ప్రమాదం. ఒళ్ళునొప్పులకి ఆర్ఎంపీ దగ్గర వేయించుకునే సూదులదీ ఇదే సంగతి. రశీదు మీద కాదు, పట్టీ వెనక రాసిన మందు పేరు చూడండి. చదవడం రాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చదివించండి.

తరవాతిది ప్రొజెస్టెరాన్ రకం బిళ్ళలు. నోరెథిస్టెరాన్ అంటే గుర్తుపట్టరు గానీ, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికో, రథసప్తమికి అరసవల్లి వెళ్ళడానికో నెలసరి వాయిదా వేయడానికి వేసుకునే బిళ్ళ అంటే ఎవరికైనా తెలుస్తుంది. ఒక్కసారిగా నెత్తురు ఆపాలంటే ఇది బాగా పని చేస్తుంది. డాక్టరు చెప్పినట్టు ఇరవయ్యొక్క రోజుల కోర్సుగా వాడితే నెలసరి దారిలో పడుతుంది కూడా. కడుపుబ్బరం, చిరాకు, రొమ్ముల సలపరం ఉంటాయి. అసలే మనసు బాగోనివాళ్ళకి దీంతో ఇంకాస్త పాడవడం తెలిసిన విషయమే. నలభై అయిదేళ్ళ వయసులో చీటీ లేకుండా పండగ పండక్కీ కొనుక్కుని వేసుకుంటే అసలు నెలసరి ఎందుకు తప్పుతోందో ఎవరికీ అర్థం కాకుండా పోతుంది.

ఛాయ బిళ్ళ గురించి తక్కువమందికి తెలుసు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన ఆర్మెలాక్సిఫెన్ అనే మందు ఇది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కుటుంబ నియంత్రణ కోసం ఉచితంగా ఇస్తారు. నెత్తురు ఎక్కువ పోయేవాళ్ళకీ డాక్టర్లు దీన్ని రాస్తారు. పన్నెండు వారాలు వారానికి రెండుసార్లు, ఆ తరవాత పన్నెండు వారాలు వారానికి ఒకసారి. రోజూ మింగే పని లేదు, ఖర్చూ లేదు. నెలసరి బాగా ఆలస్యమవుతుంది, అందుకు భయపడకూడదు. కిడ్నీ, లివర్ జబ్బున్నవాళ్ళకి ఇది వద్దు. ఆవిర్లు ఇప్పటికే ఎక్కువగా ఉన్నవాళ్ళు కూడా ఆలోచించుకోవాలి, ఈ రకం మందులు వాటిని పెంచవచ్చు.

గర్భసంచిలో అమర్చే హార్మోన్ సాధనం, డాక్టర్లు మిరెనా అనేది, నా లెక్కలో ఈ వరసలో అన్నిటికన్నా మెరుగైనది. అదే ఎక్కువ అపోహలు మోస్తోంది. "లూపా? వద్దమ్మా, దాంతో నెత్తురు ఇంకా పోద్ది" అంటారు. ఆ మాట కాపర్-టీకి నిజమే. ఇది దానికి పూర్తిగా విరుద్ధం. లోపలే కొద్దికొద్దిగా హార్మోన్ విడుదల చేస్తూ పొరను పలచగా ఉంచుతుంది. ఏడాది తిరిగేసరికి నెత్తురు నూటికి తొంభై వంతుల దాకా తగ్గవచ్చు, కొందరికి నెలసరే ఆగిపోతుంది. ఒకసారి వేస్తే అయిదేళ్ళు. అంటే 44 ఏళ్ళ మనిషికి ముట్లాగే వయసు వచ్చేదాకా సరిపోతుందన్నమాట. మందు ఎక్కువగా అక్కడే ఉండిపోతుంది కాబట్టి బీపీ, షుగరు ఉన్నవాళ్ళకీ సాధారణంగా కుదురుతుంది. ఇబ్బంది ఒకటే. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనపడుతూనే ఉంటుంది. ఇది ముందే చెప్పకపోతే మూడో నెలలోనే తీయించేసుకుంటారు. ఇంట్లో దేవుడి గదికీ వంటింటికీ దూరం పాటించే పద్ధతి ఉన్నవాళ్ళకి ఆ చుక్కలు చాలా పెద్ద సమస్య. ఆ ఆరు నెలలు ఎలా గడపాలో అత్తగారితోనో, పెద్ద తోడికోడలితోనో ముందే మాట్లాడుకోండి. బయట కొని వేయించుకుంటే కొన్ని వేలు అవుతుంది, అయినా ఆపరేషన్ ఖర్చుతో, ఆ తరవాత పోయే కూలితో పోలిస్తే తక్కువే.

వీటిలో ఏది మొదలుపెట్టినా నెత్తురు తక్కువగా ఉందేమో చూసుకోండి. హిమోగ్లోబిన్ ఎనిమిది కింద ఉంటే ఆశా ఇచ్చే ఎర్ర బిళ్ళలతోనే సరిపెట్టుకోకుండా ఐరన్ సెలైన్ గురించి అడగండి. బిళ్ళ వేసుకునేటప్పుడు, అన్నం తిన్న వెంటనే టీ తాగకండి, ఐరన్ ఒంటికి పట్టదు.

ఆపరేషన్ ఎప్పుడు?

గర్భసంచి తీయడం తప్పు కాదు. పెద్ద గడ్డలు ఉండి మందులకి లొంగకపోతే, గర్భసంచి జారిపోతే, పొర పరీక్షలో క్యాన్సరో దాని ముందు దశో తేలితే, అడినోమయోసిస్ (లోపలి పొర గర్భసంచి కండలోకి పెరగడం) నొప్పి అన్ని మందులనీ దాటిపోతే అదే సరైన వైద్యం. అలాంటివాళ్ళు భయపడి వాయిదా వేస్తే నష్టపోతారు.

నేను వద్దనేది మరో రకాన్ని. ఒకే ఒక్క స్కానింగ్, "సంచి వాచింది, ఉంచితే క్యాన్సర్ అవుద్ది" అన్న మాట, వచ్చే వారానికి తేదీ. స్కానింగ్‌లో రాసే "బల్కీ యుటరస్" (గర్భసంచి కాస్త పెద్దగా ఉంది) అన్న ముక్క పిల్లల్ని కన్న ఆడవాళ్ళలో ఎంతమందికో ఉంటుంది. దానికదే జబ్బు కాదు. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ భయమే అయితే దానికి పరీక్ష ఉంది. 30 దాటిన ఆడవాళ్ళకి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు. 2022లో కేంద్ర ఆరోగ్యశాఖ అనవసర గర్భసంచి ఆపరేషన్లను ఆపడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని మూడు నెలల్లో అమలుచేయమని రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి "ముందు మందులు వాడి చూద్దామా డాక్టరుగారూ" అని అడగడం పొగరు కాదు, మీ హక్కు.

సంతకం పెట్టే ముందు ఒకటి తప్పనిసరిగా అడగండి: అండాశయాలు ఉంచుతున్నారా, తీసేస్తున్నారా? 45 లోపు రెండూ తీసేస్తే ఆవిర్లు ఒక్కసారిగా, తీవ్రంగా వస్తాయి. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరుగుతాయి, ముట్లాగే సహజ వయసు దాకా హార్మోన్ వాడాల్సి రావచ్చు. ఉంచినా కూడా కొందరిలో అవి ముందుగానే నిద్రపోతాయి. మరో సంగతి, గర్భసంచి తీస్తే నెత్తురు పోవడం ఆగుతుంది గానీ ఆవిర్లు, చిరాకు, నిద్రలేమి ఆగవు. అవి సంచి వల్ల రావడం లేదు. వాటి కోసం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఆ తరవాత ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువు ఎత్తకుండా ఇంట్లో కూర్చుని, లేచాక అవే ఆవిర్లతో మళ్ళీ నాట్లకి వెళ్ళాల్సి వస్తుంది.

వేడి ఆవిర్లు

పలాస, కాశీబుగ్గ జీడి బట్టీల్లో పిక్కలు కాల్చే, కొట్టే పనిలో ఉన్న ఆడవాళ్ళకీ, మధ్యాహ్నం పొయ్యి దగ్గర ఉన్నవాళ్ళకీ ఇది ఎంత నరకమో చెప్పక్కర్లేదు. బయటి వేడి, ఉక్కపోత మీదికి లోపలి సెగ. ఆవిరి ఎప్పుడు, దేని తరవాత వస్తోందో గమనించుకుని వేడి టీ, కారం, బిగుతు బట్టలు తగ్గించుకోవడం, పని మధ్యలో చన్నీళ్ళతో మొహం, మెడ తుడుచుకోవడం, నైలాన్ చీర మాని నూలు చీర కట్టుకోవడం తేలికపాటి వాటికి సరిపోతుంది. తీవ్రంగా ఉన్నవాళ్ళకి సరిపోదు, సరిపోతుందని చెప్పి పంపేయడం అన్యాయం.

గట్టిగా పని చేసేది హార్మోన్ చికిత్స. ఆవిర్లను నాలుగింట మూడొంతులు తగ్గిస్తుంది, నిద్ర బాగుపడుతుంది, ఎముకకి రక్షణ. మరి క్యాన్సర్ మాటేమిటి? ఆ భయం 2002లో వచ్చిన అమెరికా పరిశోధన నుంచి పుట్టింది. అందులో పాల్గొన్న ఆడవాళ్ళ సగటు వయసు 63. రెండు హార్మోన్లూ కలిపి వాడినవాళ్ళలో ఏడాదికి పదివేల మందిలో ఎనిమిది మందికి అదనంగా రొమ్ము క్యాన్సర్ కనిపించింది. నలభైల్లోనో యాభై మొదట్లోనో ఉండి, వేరే జబ్బులు లేనివాళ్ళకి లాభమే ఎక్కువని ఇప్పుడు వైద్యులు ఒప్పుకుంటున్నారు. గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఒక్కటే వాడకూడదు, ప్రొజెస్టెరాన్ తోడుండాలి. మిరెనా ఉంటే ఆ తోడు అదే. బిళ్ళ కన్నా చర్మానికి రాసే జెల్‌తో నెత్తురు గడ్డకట్టే ముప్పు తక్కువ, అందుకని బరువు, బీపీ ఉన్నవాళ్ళు జెల్ గురించి అడగడం మంచిది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, పక్షవాతమో గుండెపోటో వచ్చినవాళ్ళు, లివర్ జబ్బు ముదిరినవాళ్ళు, కారణం తెలియకుండా నెత్తురు పోతున్నవాళ్ళు దీని జోలికి వెళ్ళకూడదు.

అది కుదరనివాళ్ళకి రెండో వరస, మామూలుగా కుంగుబాటుకి వాడే వెన్లాఫాక్సిన్, ఎస్సిటాలోప్రామ్, పారాక్సెటిన్ లాంటివి తక్కువ మోతాదులో. ఒకటి రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. ఆవిర్లతో పాటు మనసు కుంగుబాటూ ఉంటే ఒకే మందు రెండింటికీ పనికొస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కి టామాక్సిఫెన్ వాడేవాళ్ళకి పారాక్సెటిన్ వద్దు. రాత్రి ఆవిర్లే ప్రధానమైతే గాబాపెంటిన్. ఇది కిడ్నీ నుంచి బయటికి పోయే మందు కాబట్టి ఉద్దానం వాళ్ళకి మళ్ళీ అదే జాగ్రత్త.

చుట్ట సంగతి విడిగా చెప్పాలి. మన రెండు జిల్లాల్లోనూ నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. పొగ ముట్లను ఏడాది రెండేళ్ళు ముందే ఆపేస్తుంది, ఆవిర్లు పెంచుతుంది, ఎముక బలం తీస్తుంది. 35 దాటి పొగ తాగేవాళ్ళకి ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక బిళ్ళలు నిషేధం లాంటివే. డాక్టరు ముందు సిగ్గుపడి "అలవాటు లేదు" అంటే మీకు రాసే మందే తప్పుదారి పడుతుంది.

అశోకారిష్టం, శతావరి వైపు మొగ్గుచూపేవాళ్ళు చాలామంది. ఆవిర్లకి గానీ నెత్తురు పోవడానికి గానీ ఇవి హార్మోన్ మందులంత పని చేస్తాయనడానికి గట్టి రుజువు లేదు. అరిష్టాల్లో బెల్లం, కొంత ఆల్కహాలు ఉంటాయి కాబట్టి షుగరున్నవాళ్ళు చూసుకోవాలి. పేరూ ఊరూ లేని పొట్లాల మందు మాత్రం కిడ్నీ కోసమైనా మానండి. దాని బదులు చోడి (రాగి) అంబలి తాగండి. వంద గ్రాముల చోళ్ళలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. నువ్వులుండ, ముల్లుతో సహా నమిలే ఎండు నెత్తళ్ళు కూడా అంతే మేలు. ఇది ఆవిర్లకి కాదు, ఎముకలకి. కిడ్నీ జబ్బు ఇప్పటికే ఉన్నవాళ్ళు మాత్రం ఏం తినాలో కిడ్నీ డాక్టరునే అడగాలి.

మనసు, నిద్ర

కొడుకులు హైదరాబాదులోనో చెన్నైలోనో, మొగుడు వలసపనిలో, ఇంట్లో మంచమెక్కిన అత్త. ఈ వయసు మన దగ్గర ఇలాంటి కాలంలోనే వచ్చి పడుతుంది. ఊరికే ఏడుపు రావడం, చిన్నదానికి కేకలేయడం, చేతిలో తాళాలు పెట్టుకుని తాళాల కోసం వెతకడం చూసి "చిల్లంగి (చేతబడి) పెట్టీసినారు" అని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ పోయే డబ్బు కన్నా పోయే నెలలు ఎక్కువ నష్టం.

చెమటలతో నిద్ర చెడి, ఆ నిద్రలేమి వల్లే చిరాకైతే ఆవిర్లకి వైద్యం చేస్తే మనసు దానంతట అదే కుదుటపడుతుంది. బిడ్డ పుట్టినప్పుడు కూడా ఇలాగే కుంగిపోయినవాళ్ళకి ఈ వయసులో అది మళ్ళీ రావడానికి ఎక్కువ అవకాశం ఉంది. వాళ్ళు ఆ పాత సంగతి చెప్పి మానసిక వైద్యులను కలవడం మంచిది. రెండు వారాలకు మించి ఏ పనీ చేయబుద్ధి కాకపోతే మాటల చికిత్సా, కుంగుబాటు మందులూ రెండూ పనికొస్తాయి. మందుషాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలతో వీటిని పోల్చకండి. ఆ మాత్రలు అలవాటై వదలవు, ఇవి అలా కావు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆగకుండా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ-మానస్, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

డ్వాక్రా సమావేశంలో పొదుపు లెక్కలయ్యాక ఈ కబుర్లు మొదలవడం నేను చూశాను. మందు కాదు గానీ, "నాకొక్కదానికే కాదన్నమాట" అని తెలియడం వల్ల చాలామంది ఊపిరి పీల్చుకుంటారు.

ఎవరూ పైకి అనని బాధ ఒకటుంది, యోని పొడిబారి మంట పుట్టడం, మాటిమాటికీ మూత్రంలో మంట. అక్కడే రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము దీనికి బాగా పని చేస్తుంది. ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. డాక్టరు మగవాడైతే నర్సుకి చెప్పినా సరే, చెప్పండి.

ఎక్కడికి వెళ్ళాలి?

బీపీ, షుగరు, హిమోగ్లోబిన్, ఐరన్ బిళ్ళలకి ఊళ్ళోని క్లినిక్ చాలు. స్కానింగ్, స్త్రీవైద్యులు కావాలంటే టెక్కలి, పలాస, రాజాం, బొబ్బిలి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముందు కనుక్కోండి. పొర పరీక్ష చేయించాలన్నా, ఆపరేషన్ చెప్పారు, ఇంకొకరి మాట కూడా విందామన్నా శ్రీకాకుళం రిమ్స్, విజయనగరం ఘోషా ఆసుపత్రి, అక్కడా తేలకపోతే విశాఖ కేజీహెచ్. ప్రైవేటులో వరస కాయక్కర్లేదు, ఎక్కువసేపు వింటారు. ప్రభుత్వంలో ఆపరేషన్ మీద లాభం చూసుకునే తొందర తక్కువని నా అభిప్రాయం. రెండో అభిప్రాయానికి నేను ప్రభుత్వ ఆసుపత్రినే ఎంచుకుంటాను.

గంటకో గుడ్డ తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటి ఆగకపోయినా, భర్తతో కలిసిన తరవాత నెత్తురు కనపడినా, ఏడాది ఆగిపోయాక మళ్ళీ వచ్చినా ఈ పోలికలన్నీ పక్కనపెట్టి వెంటనే వెళ్ళండి. వెళ్ళేటప్పుడు మూడు నెలల నెలసరి తేదీలు, ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని గుడ్డలో క్యాలెండరు మీద గుర్తు పెట్టి ఆ కాగితాలే చించి పట్టుకెళ్ళండి. ఇంట్లో వాడుతున్న బిళ్ళల పట్టీలన్నీ, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసుకోండి.